మత్తు సూదికి ముందు చెప్పవలసిన మాట

మన హాస్టల్లో ఎవరికైనా ముక్కు నుంచి రక్తం కారితే "వేడి చేసింది" అంటాం. తల మీద నీళ్ళు పోస్తాం. చాలామందిలో అది మామూలు సంగతే. కానీ అమ్మకు, మేనమామకు, అక్కకు కూడా ఏళ్ళ తరబడి అలాగే కారుతుంటే, పెదవుల మీద, నాలుక మీద, వేళ్ళ కొసల మీద ఎర్రటి చుక్కలుంటే వేడి అని వదిలేయరాదు. అది హెచ్.హెచ్.టి. అనే వంశపారంపర్య రక్తనాళాల జబ్బు కావచ్చు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం.

ధమనికి, సిరకు మధ్య కేశనాళికలు ఉంటాయని మనం చదువుకున్నాం. ఈ జబ్బులో కొన్నిచోట్ల కేశనాళికలు లేకుండానే ధమని నేరుగా సిరలో కలుస్తుంది. అక్కడ గోడ పలుచన, ఒత్తిడి ఎక్కువ. రక్తం గడ్డకట్టే పరీక్షలు మాత్రం మామూలుగానే ఉంటాయి. అందుకే జబ్బు బయటపడదు.

గర్భిణికి ఒంట్లో రక్తం పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో ఇలాంటి కలయికలుంటే అవి ఉబ్బి, అరుదుగా చిట్లి ప్రాణం మీదికి రావచ్చు. చాలామందికి కాన్పు క్షేమంగానే జరుగుతుంది. అయినా దగ్గులో రక్తం పడినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. ముందే తెలిస్తే నాలుగో నెల నుంచి, సన్నని గొట్టం పంపి ఆ కలయికను మూసివేయగలరు.

మత్తు డాక్టరుకు ఈ సంగతి తెలిస్తే ఏం చేస్తారు? ఊపిరితిత్తుల్లో కలయికలున్నట్టయితే సెలైన్ గొట్టంలో గాలి బుడగ కూడా పోనివ్వరు. ఊపిరితిత్తులు వడపోయని బుడగ నేరుగా మెదడుకు చేరగలదు. ఆపరేషన్‌కు ముందు యాంటీబయాటిక్ ఇస్తారు. పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తే గొట్టాన్ని ముక్కు గుండా కాక నోటి గుండా, నెమ్మదిగా వేస్తారు. రక్తం సిద్ధంగా ఉంచుతారు.

వెన్నుపాములోనూ ఇలాంటి కలయికలు ఉండవచ్చని నడుములో మత్తు ఇవ్వడానికి భయపడేవారున్నారు. అయితే ఈ జబ్బు ఉందన్న ఒక్క కారణంతో ఎపిడ్యూరల్ మానరాదని 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. తుది నిర్ణయం డాక్టరుదే.

ఇవన్నీ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి: "మా ఇంట్లో చాలామందికి ముక్కు నుంచి రక్తం కారుతుంది." కాన్పు నొప్పుల్లో ఉన్న అక్క ఆ మాట చెప్పలేకపోవచ్చు. చదువుకుంటున్న మనమే సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దలను అడిగి, అక్క ఆసుపత్రి కార్డు మీద రాయిద్దాం.