కాలి క్రింద చప్పుడు



మందిరములో మౌనము ఎంత విలువైనదో అది చెడినప్పుడే మనకు తెలుస్తుంది. చింతలపూడి ప్రాంతములోని మా సంఘములో ఒక ఆదివారము ప్రభువు బల్ల ఆరాధన జరుగుతున్నది. రొట్టె అందుకొనక మునుపు ఎవరికి వారు తమ్మును తాము పరీక్షించుకొనుటకు రెండు నిమిషములు మౌనముగా ఉండుట మా అలవాటు. ఫ్యానులు తిరిగే చప్పుడు తప్ప మరేమీ లేదు. అంతలో పాటల బృందము వైపునుండి 'టక్' మని ఒక చప్పుడు, దాని వెంటనే రెండు సౌండు బాక్సులలోనుండి 'టప్' మని మరొక పెద్ద చప్పుడు వచ్చాయి. తల్లి ఒడిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. ముందు వరుసలోని వృద్ధురాలు గుండె మీద చెయ్యి వేసుకున్నది.

గిటారు వాయించే తమ్ముడు తరువాతి పాటకు సిద్ధపడుతూ కాలితో పెడల్ నొక్కాడు. జరిగినది అంతే.

ఆ మధ్యాహ్నము సంఘపెద్దలు మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ డబ్బా ఇక లోపలికి రాకూడదు. మనకు హార్మోనియము, డోలక్ చాలు" అన్నారు. వారి బాధలో న్యాయము లేకపోలేదు. అయితే ఆ తమ్ముడు పామాయిలు తోటలలో గెలలు కోసే పనికి వెళ్లి, దాచుకున్న డబ్బుతో ఆ పాత పెడల్ కొనుక్కున్నాడు. తరువాతి రెండు ఆదివారములు గిటారు లేకుండ వచ్చి, వెనుక గుమ్మము దగ్గర కూర్చుని, ఆశీర్వాదము కాకమునుపే వెళ్లిపోయాడు. మూడవ ఆదివారము అసలు రాలేదు. చప్పుడు ఎక్కడనుండి వచ్చిందో చూడకుండ మనిషిని పంపివేస్తున్నామేమో అని మాకు భయము కలిగింది. ఆ సాయంత్రమే వారి ఇంటికి వెళ్లాము.

మాకు దైవశాస్త్రములో డిప్లొమా ఉన్నది గాని విద్యుత్తులో లేదు. అందుచేత ఆ తమ్ముడే మాకు పాఠము చెప్పాడు. పెడల్ అనేది గిటారుకు, యాంప్లిఫయరుకు మధ్య ఉండే చిన్న లోహపు డబ్బా. తీగె నాదమునకు ప్రతిధ్వనిని గాని, గరుకుదనమును గాని కలుపుతుంది. వాయించేవాని చేతులు రెండూ గిటారు మీద ఉంటాయి గనుక దానిని కాలితో మార్చవలసినదే. 1962లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ మేస్ట్రో అనే పేరుతో అమ్మకానికి తెచ్చిన ఫజ్‌టోన్ డబ్బాకు కూడ కాలితో నొక్కే స్విచ్చియే ఉన్నది.

మరునాడు మందిరములో ఒక చిన్న పరీక్ష చేశాము. మొదట యాంప్లిఫయరు వాల్యూము పూర్తిగా తగ్గించి నొక్కమన్నాము. 'టక్' మాత్రము వినబడింది. తరువాత వాల్యూము పెంచి, మేము చివరి బల్ల దగ్గర నిలువబడి విన్నాము. ఈసారి బాక్సులలోనుండి 'టప్' వినబడింది. చప్పుడు ఒకటి కాదు, రెండు. ఒకటి కాలి క్రిందనే పుట్టేది, మరొకటి తీగెల వెంట ప్రయాణము చేసేది. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు.

మొదటి చప్పుడు సంగతి. ఈనాడు చాలా పెడల్స్‌లో వాడే స్విచ్చిని త్రీ పీ డీ టీ అంటారు. అడుగున తొమ్మిది కాళ్లు ఉంటాయి. పైన ఉక్కు బొత్తాము, లోపల గట్టి స్ప్రింగు. బలముగా నొక్కితే గాని మారదు, మారేటప్పుడు టక్కుమనక మానదు. పైగా మన మందిరములలో చెప్పులు బయట విడిచి లోనికి వస్తాము. వట్టి పాదముతో ఆ బొత్తామును మెల్లగా నొక్కబోతే అరికాలు నొచ్చుతుంది, అందుకే మడమ ఎత్తి ఒక్కసారి తొక్కుతారు. మా వేదిక చెక్కలతో చేసినది, లోపల డొల్ల. కనుక అది డప్పు వలె మ్రోగింది. మైకు స్టాండు కూడ అదే చెక్కల మీద ఉన్నందున ఆ అదురు మైకులోనికి కూడ పోయింది.

దీనికి మొదటి మందు డబ్బు లేకుండనే దొరికింది. పెడల్‌ను వేదిక మీదనుండి దించి నేల మీద పెట్టించాము. దాని క్రింద పాత ఉన్ని తివాచీ ముక్కను రెండు మడతలు వేశాము. తివాచీలకు పేరుపొందిన ఏలూరు మనకు దగ్గరే గదా! చప్పుడు సగమునకు పైగా తగ్గింది.

రెండవ చప్పుడు కోసము ఏలూరులో యాంప్లిఫయర్లు బాగుచేసే ఒక సోదరుని దగ్గరకు వెళ్లాము. ఆయన మనకు తెలిసిన పోలికతోనే వివరించారు. కాలువ లాకుకు ఇరువైపుల నీటిమట్టము వేరుగా ఉన్నప్పుడు తలుపు ఒక్కసారి తీస్తే నీరు ఉరికిపడుతుంది. మట్టము సమము చేసి తీస్తే నీరు కదలదు. పెడల్‌లో కెపాసిటరు అనే భాగము ఉంటుంది. దానిలోనుండి స్వల్పముగా విద్యుత్తు కారి, స్విచ్చి దగ్గర చేరి నిలుస్తుంది. స్విచ్చి మార్చగానే అది ఒక్కసారిగా దూకుతుంది. అదే బాక్సులో 'టప్'. ఆ స్థలమునుండి ఎర్తు భాగమునకు ఒక మెగా ఓము రెసిస్టరు కలిపితే, చేరిన విద్యుత్తు ఎప్పటికప్పుడు దిగిపోయి మట్టము సమముగా ఉంటుంది. ఆ రెసిస్టరు వెల కొద్ది రూపాయలు మాత్రమే. మా తమ్ముని పెడల్‌లో అది లేదు.

ఇంట్లో తెలిసికొనుటకు ఆయన ఒక గుర్తు చెప్పారు. మొదటిసారి నొక్కినప్పుడు పెద్దగా మ్రోగి, వెంటవెంటనే నొక్కితే తగ్గిపోతే, అది ఇలా చేరిన విద్యుత్తు వలననే కావచ్చును. ప్రతిసారి ఒకేలాగు మ్రోగితే స్విచ్చిని, వెలిగే చిన్న దీపపు తీగెలను కూడ చూడవలెను.

మిగిలిన 'టక్'ను కూడ పోగొట్టవలెనంటే స్విచ్చినే మార్చాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఇంట్లో దీపపు స్విచ్చి వేసిన చోటనే నిలిచిపోతుంది. కాలింగ్ బెల్ బొత్తాము నొక్కినంతసేపే పనిచేస్తుంది. పెడల్‌లోని గట్టి స్విచ్చి మొదటి జాతి, మెత్తని స్విచ్చి రెండవ జాతి. కాబట్టి ఒకటి తీసి రెండవది బిగించినంత మాత్రాన పని జరగదు. మెత్తని స్విచ్చి వెనుక, నొక్కిన సంగతిని జ్ఞాపకముంచుకొని దారి మార్చే చిన్న రిలే బోర్డు ఉండాలి. మన స్టెబిలైజరులో టక్కుమనేది రిలేయే. అయితే ఇది చాలా చిన్నది, దాని చప్పుడు డబ్బా దాటి రాదు. మారే ఆ లిప్తకాలము నాదమును మూసి ఉంచే ఏర్పాటు కూడ కొన్ని బోర్డులలో ఉంటుంది.

ఇది కొత్త తలంపు కాదు. జపానులో రోలాండ్ సంస్థకు చెందిన బాస్ వారు 1977లో తెచ్చిన చిన్న పెడల్స్‌లోనే వెడల్పైన పలక, దాని క్రింద చిన్న మెత్తని స్విచ్చి ఉన్నాయి. నాదమును మార్చే పని ఎలక్ట్రానిక్ భాగములే చేస్తాయి. వట్టి పాదమునకు ఆ పలక ఎంతో సుఖము. అయితే నాదము ఏ భాగము గుండా పోకుండ తీగె వెంట నేరుగా పోవలెనని కోరేవారు ఎక్కువైనందున, తరువాతి కాలములో గట్టి స్విచ్చి మరల వాడుకలోనికి వచ్చింది. రిలే ఈ రెండు కోరికలను తీరుస్తుంది. తగినట్టు కలిపితే, అడాప్టరు తీగె ఊడిపోయినను గిటారు నాదము ఆగదు.

బోర్డు, స్విచ్చి తెప్పించి బిగించుటకు మూడు వారములు పట్టింది. ఒక శనివారము సాయంత్రము పెద్దలను మందిరమునకు పిలిచి, ఆ తమ్ముని వాయించే చోట నిలువబెట్టాము. "మీరు కన్నులు మూసుకొనండి. పెడల్ నొక్కినట్లు వినబడితే చెయ్యి ఎత్తండి" అన్నాము. ఫ్యానులు కూడ ఆపించాము. కొంతసేపు గడిచింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. చివరకు అందరికంటె పెద్దవారు విసుగుతో, "ఏరా అబ్బాయ్, ఇంకా నొక్కవేమిరా?" అన్నారు.

"ఏడుసార్లు నొక్కానండి తాతగారూ" అన్నాడతడు.

తాతగారు కన్నులు తెరచి నవ్వారు. "అయితే రేపు వాయించు" అన్నారు.

గాలి, భూకంపము, అగ్ని దాటిపోయిన తరువాత గాని ఏలీయా వినవలసినది వినలేదు. మౌనమును కాపాడుకొనుట మంచిదే. అయితే మీ సంఘములో ఏదైన చప్పుడు పుట్టినప్పుడు మొదట వాల్యూము తగ్గించి, అది ఎక్కడ పుట్టిందో వినండి. రెసిస్టరు లేని లోటును మనిషి మీద వేయకండి. మా ప్రభువు బల్ల దగ్గర ఇప్పుడు రెండు నిమిషములు నిశ్శబ్దముగానే గడుస్తున్నవి. ఆ తమ్ముడు వెనుక గుమ్మము దగ్గర కాక, పాటల బృందములో తన చోట ఉంటున్నాడు.