దయ్యాల పుస్తకం మూసాక అడగవలసిన ప్రశ్న

(మా గ్రామీణ విలేకరి)

పల్లెటూరి గ్రంథాలయంలో అట్ట ఊడి, పుటలు నలిగి, చివరి నాలుగు కాగితాలు ఎవరో చింపుకుపోయిన పుస్తకం కనిపించిందంటే అది డిటెక్టివ్ నవలో, మంత్రగాళ్ళ నవలో అయి ఉంటుంది. పక్కనే ఉన్న భాగవతం అట్ట మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తూ ఉంటుంది! భయపడుతూ చదవడంలో ఒక రుచి ఉన్న మాట వాస్తవం. దాన్ని తప్పు పట్టనవసరం లేదు. అయితే పుస్తకం మూసిన తరువాత ఆ భయాన్ని ఎక్కడ దించుకుంటున్నాం అన్నదే ఆలోచించవలసిన విషయం. పుస్తకంలోనే దించి వస్తే అది కాలక్షేపం. ఊళ్ళోకి మోసుకువస్తే ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది.

బేతాళుడి షరతు

భయం గొలిపే కథలు మనకు కొత్తవి కావు. శాతవాహన రాజు ఆస్థానంలో గుణాఢ్యుడు పైశాచీ భాషలో 'బృహత్కథ' చెప్పాడని పెద్దల మాట. ఆ మూలగ్రంథం నేడు దొరకదు. 11వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు ఆ కథలను సంస్కృతంలో 'కథాసరిత్సాగరం'గా చెప్పాడు. బేతాళుడి పాతిక కథలూ అందులో ఉన్నాయి. 1947 జూలైలో మద్రాసు నుంచి వెలువడడం మొదలైన 'చందమామ' విక్రమార్కుణ్ణీ, బేతాళుణ్ణీ తెలుగు పల్లెల్లో పిల్లలకు సైతం పరిచయం చేసింది.

అర్ధరాత్రి, శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, ఆ శవంలో బేతాళుడు. ఇంతకంటే భయం గొలిపే రంగం ఏముంటుంది? కాని కథ చెప్పి ఊరుకోడు బేతాళుడు. ఇందులో తప్పెవరిది, ఒప్పెవరిది అని అడుగుతాడు. తెలిసి కూడా చెప్పకపోతే తల వేయి వక్కలవుతుందంటాడు. అంటే వణికినంత మాత్రాన విన్నట్టు కాదు, తీర్పు చెప్పాలి. పుస్తక సమీక్ష అంటే ఇంతకు మించి ఏమీ లేదు. దానికి పెద్ద చదువులు అక్కరలేదు. పంచాయతీలో ఇరువైపులా విని న్యాయం చెప్పగలిగినవారికి నవల మంచిచెడ్డలు చెప్పడం కష్టమా?

'తులసిదళం' నాటి వివాదం

1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వెలువడింది. పత్రిక కోసం ఎదురుచూసిన సంగతి, ఒకరు చదువుతుంటే నలుగురు కూర్చుని విన్న సంగతి ఆనాటి పాఠకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. తులసి అనే చిన్నపిల్ల మీద చేతబడి జరుగుతుంది. ఆ పిల్లను దక్కించుకోవడానికి తల్లిదండ్రులు పడే పాట్లే కథ.

నవల బలం ఎక్కడుందో ముందు ఒప్పుకోవాలి. పాడుబడ్డ కోటలో ఉండవలసిన భయాన్ని రచయిత చదువుకున్నవారి ఇంట్లోకి, పసిపిల్ల మంచం దగ్గరకు తెచ్చాడు. బిడ్డకు ఏమవుతుందోనన్న బెంగ ఏ తల్లికైనా తెలిసినదే. అందుకే ఆ పుస్తకం అంతగా చదివించింది.

బలహీనత కూడా అక్కడే ఉంది. ఒకవైపు వైద్యులు, మరొకవైపు మంత్రగాళ్ళు. రెండు వాదాలనూ ఒకే త్రాసులో పెట్టి సరిసమానంగా తూచడం వల్ల, చేతబడి నిజమేనేమో అన్న అనుమానం పాఠకుడి వెంట ఇంటిదాకా వస్తుంది. ఈ ధోరణిని ఎండగడుతూ ప్రముఖ రచయిత్రి రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అనే పుస్తకమే రాశారు. ఇలాంటి నవలలు మూఢనమ్మకాలకు నీరు పోస్తాయన్నది ఆమె వాదన. నవలను నవలగానే చూడాలి గాని ఇంత రాద్ధాంతం ఎందుకన్నవారూ లేకపోలేదు. ఎవరి పక్షం వహించినా, ఒక దయ్యాల కథ గురించి తెలుగు పాఠకులు బాహాటంగా తర్కించుకోవడం మంచిదే అయింది.

కొంపలు కూలుతున్నది ఇక్కడే

కోస్తాలో చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు. పేరేదైనా, ఆ అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టిన ఉదంతాలు, నిలువునా కాల్చిన దారుణాలు అనేకసార్లు పత్రికలకెక్కాయి. పళ్ళుంటే మంత్రం పలుకుతుందని, పట్టకారుతో పళ్ళు పెరికిన సంఘటనలు తెలంగాణ జిల్లాల్లో జరిగాయి. అనుమానం పడేది ఎవరి మీద? ఒంటరిగా బతికే ముసలమ్మ మీద, ఆకుపసరు వైద్యం చేసే వ్యక్తి మీద, గట్టు తగాదా ఉన్న పాలివాడి మీద. బలం, బలగం ఉన్నవారి జోలికి ఎవరూ పోకపోవడం గమనార్హం.

రోగం మాత్రం మామూలుదే అయి ఉంటుంది. మూర్ఛ మెదడుకు సంబంధించిన జబ్బు. దానికి మందులున్నాయి. రాత్రిపూట గుండెల మీద దయ్యం కూర్చుందని, అరవబోతే నోరు పెగల్లేదని చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. కలలు వచ్చే నిద్రలో ఒంటి కండరాలు సడలి ఉంటాయి. మెలకువ ముందు వచ్చి, కండరాలు వెంటనే కదలకపోతే అలా అనిపిస్తుంది. కొద్దిసేపట్లో దానంతటదే పోతుంది. దయ్యం ప్రసక్తి లేదు.

నవలలు చదివినందువల్లనే ఈ ఘోరాలు జరుగుతున్నాయనడం సబబు కాదు. నవల అన్నది పుట్టకముందే ఈ నమ్మకం ఉంది. కాని ఉన్న నిప్పును ఊదే పుస్తకమేదో, నీళ్ళు చల్లే పుస్తకమేదో తెలుసుకోవలసిన బాధ్యత చదివేవారిదే.

మూడు ప్రశ్నలు చాలు

ఇలాంటి పుస్తకం చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మొదటిది: భయం దేని నుంచి పుట్టింది? ఆస్తి మీద ఆశ, పగ, చేసిన పాపం, అయినవారు పోయిన దుఃఖం. వీటినుంచి పుట్టిన భయం మనిషి గురించి ఏదో ఒకటి నేర్పుతుంది. కేవలం నెత్తురు, పుర్రెలు, నిమ్మకాయల మీద నడిచే కథ పది పేజీలకే విసుగు పుట్టిస్తుంది. రెండవది: దోషిగా ఎవరిని నిలబెట్టింది? ప్రతిసారీ ఒక ముసలిదాన్నో, ఒక కులంవాణ్ణో, కొండల్లో ఉండేవారినో మంత్రగాళ్ళుగా చూపిస్తే ఆ రచయిత ఊరి అపోహనే మనకు తిరిగి అమ్ముతున్నాడని అర్థం. మూడవది: ఈ కథ నమ్మి నేను రేపు పొద్దున ఇరుగుపొరుగును వేరుగా చూస్తానా? చూస్తాననిపిస్తే, ఎంత బాగా చదివించినా ఆ పుస్తకానికి మార్కులు తగ్గించవలసిందే.

'చందమామ' 2010 దశకంలో ఆగిపోయింది. అద్దె పుస్తకాల కొట్లు దాదాపు కనుమరుగయ్యాయి. దయ్యాల కథలు మాత్రం ఆగలేదు, సెల్‌ఫోన్‌లోకి మారాయి. నిజంగా జరిగిన సంఘటన అంటూ చెవిలో చెప్పే ఆ కథలకు రచయిత పేరు కూడా ఉండదు. కనుక అడగవలసిన అవసరం మునుపటికంటే ఎక్కువే అయింది.

గ్రంథాలయం ఉన్న గ్రామాల్లో యువజనులు ఒక పని చేయవచ్చు. బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచి, నవల తిరిగి ఇచ్చేవారు దాని గురించి నాలుగు ముక్కలు రాసే అలవాటు చేయాలి. బాగుంటే ఎందుకు బాగుందో, బాగులేకపోతే ఏది నచ్చలేదో రాస్తే చాలు. తరువాత చదివేవారికి అది ఉపయోగపడుతుంది. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను మాత్రమే.