కండరం ఎలా తయారవుతుంది?

"బిడ్డ బాగానే తింటున్నాడు, మరి కాళ్ళలో బలం ఎందుకు లేదండీ?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. దీనికి జవాబు కావాలంటే కండరం ఎలా ఏర్పడుతుందో కొంచెం తెలుసుకోవాలి.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ సుమారు 20,000 జన్యువులు ఉంటాయి. చర్మకణంలో ఉన్నవే కండరకణంలోనూ ఉంటాయి. తేడా ఎక్కడంటే, ప్రతి కణమూ తన పనికి కావలసిన జన్యువులనే వాడుకుంటుంది. ఇంట్లో అన్ని గదులకూ స్విచ్చులున్నా, అవసరమైన గదిలోనే దీపం వేసుకుంటాం కదా!

తల్లి గర్భంలో పిండం వెన్ను వెంబడి ఉండే కణాల ముద్దల నుంచి చేతులు, కాళ్ళు, వీపు కండరాలు పుడతాయి. ఆ కణాలలో మయో-డి, మిఫ్-5 అనే ప్రోటీన్లు తయారై, కండరానికి కావలసిన జన్యువులను పనిలోకి దింపుతాయి. 1987లో అమెరికాలో హెరాల్డ్ వీన్‌ట్రాబ్ బృందం చిట్టెలుక బంధన కణాలలో మయో-డిని పనిచేయించగా, అవి కండరకణాలుగా మారాయి. తరువాత మయోజెనిన్ అనే మరో ప్రోటీన్ సాయంతో కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడవైన కండరపు పోగులవుతాయి.

పుట్టిన తరువాత కూడా ఈ పని ఆగదు. పోగులను అంటిపెట్టుకుని కొన్ని కణాలు నిద్రాణంగా ఉంటాయి. దెబ్బ తగిలితే అవి మేల్కొని, మళ్ళీ మయో-డి సాయంతోనే కండరాన్ని బాగుచేస్తాయి.

డుషెన్ కండర క్షీణత వ్యాధిలో చిక్కు ఇక్కడే వస్తుంది. పోగును కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ జన్యువులోనే లోపం ఉంటుంది. కదిలినప్పుడల్లా పోగులు దెబ్బతింటాయి. మరమ్మతు జరుగుతుంది గాని, కొత్త పోగుకూ డిస్ట్రోఫిన్ ఉండదు. క్రమంగా కండరం స్థానంలో కొవ్వు, నార చేరతాయి. అందుకే టానిక్కులతో, తిండితో ఈ లోటు తీరదు.

ఈ వ్యాధి ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. ఆలస్యంగా నడవడం, తరచుగా పడిపోవడం, లేచేటప్పుడు తొడలపై చేతులు ఆనించడం, పిక్కలు లావుగా కనిపించడం దీని లక్షణాలు. లావు పిక్కలను చూసి బలమని మురిసిపోకండి. సి.కె. అనే రక్తపరీక్షతో అనుమానాన్ని, జన్యుపరీక్షతో వ్యాధిని నిర్ధారించుకోవచ్చు.

పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా, డాక్టరు సలహాపై వాడే స్టెరాయిడ్ మాత్రలు, తేలికపాటి వ్యాయామం, గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు బిడ్డ నడిచే కాలాన్నీ ఆయుష్షునూ పెంచుతాయి. బలవంతంగా బరువులెత్తించడం, పరుగెత్తించడం చేయవద్దు.

ఒక్క మాట మరువకండి. సుమారు మూడింట ఒక వంతు పిల్లలలో ఈ లోపం కొత్తగా ఏర్పడినదే. మిగిలిన వారికి తల్లి నుంచి వచ్చినా అది ఆమె తప్పు కాదు. ఆమెను నిందించక, మరో బిడ్డను కనే ముందు ఇద్దరూ కలిసి జన్యు సలహా తీసుకోండి.