ఐరిష్ పిల్లి పేరు ఎందుకు మారుతుంది?

ఐర్లండ్‌లో మాట్లాడే ఐరిష్ భాషలో పిల్లిని 'కత్' అంటారు. అతని పిల్లి అయితే 'అ ఖత్', ఆమె పిల్లి అయితే 'అ కత్', వాళ్ల పిల్లి అయితే 'అ గత్'! అతని, ఆమె, వాళ్ల అనే మూడింటికీ ఉన్నది 'అ' ఒక్కటే. ఎవరి పిల్లో చెప్పేది ఆ పేరులోని మొదటి అక్షరమే. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూశారా!

ఇది ఎలా వచ్చింది? మీ వంటింట్లోనే ఒక ఉదాహరణ ఉంది. కూర, కాయ కలిస్తే 'కూరగాయ' అంటాం కదా. పక్క మాట తగిలి 'క' కాస్తా 'గ' అయింది. ఐరిష్‌లోనూ అలాంటిదే జరిగింది. చాలాకాలం కిందట 'అతని' అని చెప్పే ఐరిష్ మాట చివర అచ్చు ఉండేది. దాని పక్కన 'క' మెత్తబడి, గొంతులో గాలి రాసుకుంటూ వచ్చే ఒక రకం 'ఖ'గా మారింది. 'వాళ్ల' చివర ముక్కుతో పలికే ధ్వని ఉండేది, అది 'క'ను 'గ' చేసింది. 'ఆమె' చివరి 'స్' మాత్రం 'క'ను కదలనివ్వలేదు. తర్వాత ఆ చివరి ధ్వనులన్నీ అరిగిపోయాయి. అవి తెచ్చిన మార్పులు నిలిచిపోయాయి.

  

'గత్' అని రాసేటప్పుడు 'గ' పక్కన అసలు 'క'నూ ఉంచుతారు, కానీ దాన్ని పలకరు. నిఘంటువులో వెతకాలంటే మాత్రం 'కత్' దగ్గరే చూడాలి.