పొట్టి తుపాకి: లాభనష్టాల తూకం

అల్ హైల్‌లోని తెలుగు కుటుంబాలకు కవాతు దృశ్యాలలో ఒమాన్ సైనికుల చేతనున్న పొట్టి తుపాకి వింతగా తోచవచ్చు. అది ఆస్ట్రియాలో రూపొందిన స్టెయిర్ ఆగ్. దీని మ్యాగజైన్, తూటా పేలే గది ట్రిగ్గర్‌కు వెనుక ఉంటాయి. ఈ అమరికనే బుల్‌పప్ అంటారు.

508 మిల్లీమీటర్ల గొట్టమున్నా దీని మొత్తం పొడవు 790 మిల్లీమీటర్లే. అంతే గొట్టం గల అమెరికా ఎం-16ఏ2 పొడవు 1,006 మిల్లీమీటర్లు. గొట్టం కురచ కాకపోవడంతో, మందు మండగా పుట్టిన వాయువులు తూటాను చాలినంత దూరం నెట్టి వేగమిస్తాయి. వాహనాలలో, ఇరుకు గదులలో ఇది వరమే.

అయితే పేలుడు చెంప పక్కనే జరుగుతుంది. భాగాలు మార్చకుండా ఎడమ భుజాన ఆనించి కాల్చితే వేడి గుల్లలు ముఖాన పడగలవు. ట్రిగ్గర్ నుండి వెనుకకు సాగే పొడవాటి కడ్డీ వలన నొక్కుడు మందగిస్తుంది. మ్యాగజైన్ మార్చడమూ అంత సులువు కాదు. ఫ్రాన్స్ 2017 నుండి తన బుల్‌పప్ అయిన ఫమాస్ స్థానంలో సంప్రదాయ రూపపు తుపాకిని ప్రవేశపెట్టింది. పొడవులో పొదుపు చేసినది వాడుకలోని సౌలభ్యంతో చెల్లించక తప్పదు.