పడకగది గోడకు ఏ రంగు?

సంక్రాంతి సమీపించుచున్నదనగా ఇండ్లకు సున్నము వేయుట మన తెలుగు పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. గోడల బూజు దులిపి, బీటలు పూడ్చి, సున్నపు నీటిలో కొంచెము నీలిమందు కలిపి కుంచెతో పూయుదురు. నేడు పెక్కు ఇండ్లలో సున్నమునకు బదులు డబ్బాలలో దొరకు రంగులను వాడుచున్నారు. దానితో ఒక క్రొత్త చిక్కు కూడ వచ్చినది. రంగులు వేయు మేస్త్రి వందల రంగులు గల పట్టికను చేతికిచ్చి, "పడకగదికి ఏ రంగు వేయమందురు?" అని అడుగును. తండ్రి తెలుపు చాలుననును. తల్లి లేత ఆకుపచ్చ మేలనును. పిల్లవాడు ముదురు నారింజ రంగు కావలెనని పట్టుపట్టును. మన జీవితకాలములో ఇంచుమించు మూడవవంతు నిద్రలోనే గడచును. కావున నిద్రించు గదిని గూర్చిన ఈ ప్రశ్నను తేలికగా విడువరాదు.

మొదట రంగు అన నేమో తెలిసికొందము. న్యూటను మహాశయుడు సూర్యకాంతిని గాజు పట్టకముగుండ ప్రసరింపజేసి, తెల్లని వెలుగులో వివిధ వర్ణములు ఇమిడి యున్నవని నిరూపించెను. 1704లో ప్రకటించిన గ్రంథములో ఆ ప్రయోగములను వివరించెను. గోడ తనంత తాను వెలుగు నిచ్చునది కాదు. తనపై బడిన వెలుగులో కొంత గ్రహించి, కొంత తిరిగి పంపును. ఆకుపచ్చ గోడ ఆకుపచ్చ కిరణములను హెచ్చుగా తిరిగి పంపును. తెల్లగోడ దాదాపు అన్నిటిని తిరిగి పంపును. కావున గోడ రంగు డబ్బాలోని రంగుపైననే గాక, గదిలోనికి వచ్చు వెలుగుపైన కూడ ఆధారపడి యుండును.

ఫలానా రంగు చూచినంతనే మనస్సు శాంతించునని చెప్పువారు కలరు. దీనిని గూర్చి ఒక వృత్తాంతము కలదు. 1979లో అమెరికా దేశమందలి సియాటిల్ నగరములో, నౌకాదళపు కారాగృహమున ఒక గదికి గులాబి రంగు వేసిరి. అందుంచిన ఖైదీల ఉద్రేకము తగ్గినదని వార్త వ్యాపించెను. ఇతర కారాగృహములలో కూడ గోడలకు ఆ రంగు వేయసాగిరి. దశాబ్దముల పిమ్మట స్విట్జర్లాండు దేశములో పరిశోధకులు కొందరు ఖైదీలను గులాబి గదులలోను, కొందరిని తెల్లని గదులలోను ఉంచి పోల్చి చూచిరి. గులాబి రంగు ఉద్రేకమును తగ్గించినట్లు కానరాలేదు. రంగు మందు వంటిది కాదని దీనివలన గ్రహింపవలెను.

అట్లని రంగు నిష్ప్రయోజనమనియు తలపరాదు. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో హారీ షెర్మన్ అను శస్త్రవైద్యుడుండెను. శస్త్రశాలలోని తెల్లని గోడలు, తెల్లని గుడ్డలు దీపపు వెలుగులో మిరుమిట్లు గొలిపి ఆయన కండ్లకు శ్రమ కలిగించెడివి. ఆయన ఆ గదికి పాలకూర వంటి ఆకుపచ్చ రంగు వేయించెను. దీని కారణమును మీరే పరీక్షించి చూడవచ్చును. ఒక ఎర్రని కాగితమును అరనిమిషము రెప్పవేయక చూచి, వెంటనే తెల్లని గోడవంక చూడుడు. అచ్చట నీలము కలిసిన ఆకుపచ్చ మచ్చ యొకటి తోచును. ఎరుపును గ్రహించు కణములు అలసిపోవుటయే దీనికి హేతువు. ఎర్రని నెత్తురును ఎడతెగక చూచు వైద్యుని కంటికి ఆకుపచ్చ గోడ విశ్రాంతి నిచ్చెను. మన పడకగదిలో కూడ రంగు చేయవలసిన మేలు ఇదియే: కంటికి శ్రమ తగ్గించుట.

అందులకు మూడు సంగతులు గమనింపవలెను. రంగు లేతగా నుండవలెను, తీక్ష్ణముగా నుండరాదు, అద్దమువలె మెరయరాదు. పట్టికలోని చిన్న ముక్క కంటె గోడపై రంగు ముదురుగా కనబడును. నాలుగు గోడలును ఒకదానిపై నొకటి తమ రంగును ప్రసరింపజేయుటయే దీనికి కారణము. కావున నచ్చినదానికంటె ఒక మెట్టు లేతదానిని ఎన్నుకొనుట మేలు.

పిదప కిటికీ దిక్కును చూడవలెను. పడమటి కిటికీ గల గదిలో వేసవి సాయంకాలపు ఎండ పసుపు, ఎరుపు కలిసి వచ్చి పడును. అచ్చట నారింజ రంగు నిప్పువలె తోచును. లేత నీలము గాని, లేత ఆకుపచ్చ గాని ఆ తీక్ష్ణతను కొంత తగ్గించును. వెలుగు తక్కువైన గదిలో నీలము బూడిదవలె వెలవెలబోవచ్చును. అచ్చట మీగడ రంగు ఒప్పును. మసక చీకటిలో ఎరుపు నల్లబడి, నీలము తెల్లబడినట్లు కనబడును. ఈ వింతను పర్కిన్యే అను చెక్ శాస్త్రజ్ఞుడు 1825లో వెలువడిన గ్రంథములో వర్ణించెను.

కాబట్టి పట్టికను మాత్రమే చూచి నిర్ణయింపరాదు. చిన్న డబ్బా తెచ్చి, ఎదురెదురు గోడలపై రెండేసి అడుగుల చదరము పూయించి, ఆరిన పిమ్మట ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రి దీపపు వెలుగున చూడవలెను. తడిగా నున్నప్పటి రంగును నమ్మరాదు. సున్నము ఆరినకొలది తెల్లబడును.

రంగు అందముకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. పూర్వము పెక్కు రంగులలో, ముఖ్యముగా ముదురు పసుపు, నారింజ రంగులలో, సీసము కలిపెడివారు. దాని పొడి లోనికి పోయినచో పిల్లల మెదడునకు హాని కలుగును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమము చేసెను. డబ్బాపై ఆ సంగతి చదివి కొనవలెను. పాత రంగును పొడిగా గీకి దుమ్ము రేపరాదు. ఆ పని జరుగునప్పుడు పిల్లలను దూరముగా నుంచవలెను. క్రొత్త రంగు వేసిన గదిలో వాసన పోవువరకు కిటికీలు తెరచి యుంచి, వేరొకచోట నిద్రింపవలెను.

ఇక ఆ ఇంటివారి తగవు తీరుటెట్లు? గోడలకు తల్లి కోరిన లేత ఆకుపచ్చయు, పైకప్పునకు తండ్రి కోరిన తెలుపును వేయవచ్చును. పిల్లవాని నారింజ రంగును పుస్తకముల అరకు వేసినచో వానికిని సంతోషము కలుగును. రాత్రి వేళ దీపములను తగ్గించి, సకాలమున ఆర్పుటయు మరువరాదు. కన్ను గ్రహించు వెలుగే దేహమునకు పగటిని, రేయిని తెలుపుచుండును. దీపము ప్రకాశించుచుండగా ఎంత చక్కని గోడయు నిద్రను తేజాలదు.