జగన్నాథుడు – జగర్‌నాట్

శ్రీకాకుళము జిల్లాలో వంశధారా నదీతీరమున శ్రీముఖలింగమను పుణ్యక్షేత్రము కలదు. ఇదియే పూర్వము గాంగరాజుల రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు తలచుచున్నారు. సమీపమందలి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇచ్చటి శాసనములను చదివి ఈ అభిప్రాయమును బలపరచిరి.

గాంగరాజులలో ప్రసిద్ధుడు అనంతవర్మ చోడగంగదేవుడు. ఇతడు 1078లో పట్టాభిషిక్తుడయ్యెను. నేడు పూరీలో మనము చూచు జగన్నాథాలయ నిర్మాణమునకు పండ్రెండవ శతాబ్దమున పూనుకొన్నవాడు ఇతడే. ఆ స్వామి పేరు సముద్రములు దాటి ఒక ఆంగ్లపదమయ్యెను. అదియే ‘జగర్‌నాట్’.

జగత్తు, నాథుడు అను పదములు కలిసి జగన్నాథుడైనది. లోకమునకు ప్రభువు, రక్షకుడు అని దీని యర్థము. ఆంగ్లమున మాత్రము, అడ్డువచ్చిన దానినెల్ల నలగద్రొక్కుచు ఆగక సాగిపోవు మహాశక్తి యని యర్థము. దేశములను నాశనము చేయు యుద్ధమును ‘జగర్‌నాట్’ అందురు. బ్రిటనులో పెద్ద సరకుల లారీకిని ఈ పేరు కలదు.

రక్షకుని పేరునకు ఇట్టి యర్థమెట్లు కలిగెను? ఆషాఢమాసమున జరుగు రథోత్సవములో జగన్నాథుని రథమునకు పదునారు చక్రములుండును. వేలకొలది భక్తులు మోకులు పట్టి లాగుదురు. కదలిన రథమును వెంటనే ఆపుట కష్టము. ఆ సమ్మర్దములో కొందరు చక్రముల క్రింద పడి మరణించుట కలదు. దీనిని గూర్చి విదేశీయులు, మోక్షము కొరకు భక్తులు తామై చక్రముల క్రింద పడుదురని వ్రాసిరి. 1806లో పూరీని దర్శించిన క్లాడియస్ బుకానన్ అను క్రైస్తవాచార్యుని రచనల వలన ఈ కథ ఇంగ్లండున మిక్కిలి వ్యాపించెను. 1872లో హంటరను ఆంగ్లేయ అధికారియే, అట్టి మరణములు చాలవరకు ప్రమాదములనియు, ఆత్మహత్య జగన్నాథ సేవకు విరుద్ధమనియు తన గ్రంథమున తెలిపెను. కాని అప్పటికే ఆ పదము ఆంగ్లమున పాతుకొనిపోయెను.

విశాఖపట్టణమున జన్మించిన శ్రీశ్రీ ‘జగన్నాథుని రథచక్రాలు’ అను గేయమున ఆ చక్రములనే బాధితులకు ఆశాచిహ్నముగా నిలిపెను. రథమొక్కటే, చూచిన కన్నులు వేరు.

విద్యార్థులారా! నిఘంటువులో పదమున కర్థము దొరకును. ఆ యర్థము న్యాయమైనదో కాదో తెలియవలెనన్న ఆ పదము నడచివచ్చిన త్రోవను కూడ తెలిసికొనవలెను.